రెండో విత్తు

గ్రంథాలయ వారోత్సవాల్లో అనంతపురంలో ఒక నవలా రచయిత్రి చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక నిలబడుకున్నవాళ్లు ముందుకు రండి, ఈ వరుసలో ఇంకా కుర్చీలున్నాయి.

నవల గురించి మాట్లాడమని పిలిచారు. చదివినవాళ్లు మీలో పదిమంది ఉంటారేమో. మిగతావాళ్ల కోసం కథ ముందే చెప్పేస్తాను. కథ తెలిసిపోతే ఇంక చదవరేమో అనే దిగులు నాకు లేదు. నిమ్మలకుంట వాళ్లు మా ఊరికొచ్చి తోలుబొమ్మలాట ఆడేటప్పుడు, రావణుడు చస్తాడని తెలియనివాళ్లు ఆ గుంపులో ఒక్కరూ ఉండేవాళ్లు కాదు. అయినా తెల్లారేదాకా ఎవరూ లేచేవాళ్లు కాదు.

ఒక అవ్వ ఉంది. డెబ్బై దాటినాయి. ఐదెకరాల ఎర్రనేల, ఎండిపోయిన ఒక బావి, రెండు గదుల మిద్దె. మొగుడు పోయినాడు. కూతురు ఉంది గానీ పదకొండేండ్లుగా మాటల్లేవు. వేరే కులం పిల్లోన్ని చేసుకుందని గడప తొక్కనీయలేదు. ఇంకొక మనిషి ఉన్నాడు. ఇరవై మూడేండ్ల వయసులో, తనది కాని పగ కోసం ఒక రాత్రి జీపెక్కినాడు. ఒక మనిషి చనిపోయినాడు. యావజ్జీవం పడింది. శిక్ష ముగించుకుని, చేతిలో ఒక గుడ్డసంచితో ఊరికి తిరిగొచ్చినాడు. వీళ్లిద్దరి మధ్య స్నేహమే నవల. అంతే కథ.

ఈ ఇద్దరికీ నేను పేర్లు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగినారు. మన పక్క ఒక మనిషి పేరు, ఇంటిపేరు చెబితే చాలు, ఏ కులం, ఏ ఊరు, ఏ వర్గం అనేది వినేవాళ్ల మనసులో చకచకా తేలిపోతుంది. ఆ తర్వాత వాళ్లేం చేసినా మనం ఆ లెక్కలోనే చూస్తాం. చదివేవాళ్లకు ఆ లెక్క అందకుండా చేయాలని నా కోరిక. అవ్వ అవ్వే. ఆయన్ని ఊర్లోవాళ్లు "జైలాయప్ప" అంటారు. అవ్వ ఒక్కతే "నాయనా" అంటుంది. అది కూడా నూట ఇరవయ్యో పుటలో గానీ అనదు.

ఈ నవల పుట్టింది మనకు పక్కనే. బుక్కరాయసముద్రం మండలం రెడ్డిపల్లి దగ్గర ఓపెన్ ఎయిర్ జైలు ఉంది కదా. తాడిపత్రి వైపు పోయేటప్పుడు బస్సులో నుంచి మీరందరూ చూసే ఉంటారు. 1965లో మొదలైంది. ఖైదీల వ్యవసాయ క్షేత్రం అని దాని పేరు. సెంట్రల్ జైళ్లలో ఏండ్ల తరబడి ఉండి, నడవడి బాగుందని తేలినవాళ్లను ఎంచి అక్కడికి పంపుతారు. సెంట్రల్ జైలుకు ఉన్నట్టు ఎత్తైన గోడలుండవు. వెయ్యెకరాలకు పైగా పొలం. ఖైదీలు దున్నుతారు, విత్తుతారు, పశువులు మేపుతారు. పనికి తగ్గట్టు శిక్షలో రోజులు తగ్గుతాయి.

నా చిన్నప్పుడు మా నాయనతో ఆ దారిన పోతా కిటికీలో నుంచి చూస్తే, తెల్లబట్టల మనుషులు వంగి కలుపు తీస్తాండారు. వాళ్లు ఎవరు నాయనా అంటే, ఖైదీలు అన్నాడు. మరి వాళ్ల చేతిలో కొడవలి ఉంది కదా అన్నాను. ఆయన ఏమీ చెప్పలేదు. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. ప్రాణం తీసిన చేతికి ప్రభుత్వం కొడవలి ఇచ్చింది, పైరు కోయమని. అదే మనిషి శిక్ష ముగించుకుని ఊరికొస్తే, కోరుకు అరెకరం ఇచ్చేవాడు ఉండడు. కూలికి పిలిచేవాడు ఉండడు. గోడ లేని జైలు ఆయన్ని నమ్మింది, గోడ లేని ఊరు నమ్మలేదు. నవల రాయడానికి కూర్చున్నప్పుడు నా దగ్గర ఉన్నది ఈ ఒక్క ఆలోచనే.

ఏండ్ల లెక్క తప్పు పోకూడదని ఒక వకీలు గారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. యావజ్జీవం అంటే పద్నాలుగేండ్లే అని మనమంతా అనుకుంటాం. అది నిజం కాదు. యావజ్జీవం అంటే బతికినంత కాలం. మరణశిక్ష కూడా పడగలిగిన నేరానికి యావజ్జీవం పడితే, పద్నాలుగేండ్లు లోపల పూర్తి కాకుండా వదిలిపెట్టకూడదని 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433-ఏ అని ఒక సెక్షన్ చేర్చినారు. పద్నాలుగు నిండితే వదలాలని కాదు. వదిలే విషయం ఆలోచించొచ్చు అని. అందుకే నవల్లో ఆయన 1988లో లోపలికి పోయి 2002లో బయటికొస్తాడు. 2002 ఎట్లాంటి సంవత్సరమో ఇక్కడ రైతులకు నేను చెప్పాల్సిన పని లేదు. దేశమంతా వాన మొహం చాటేసిన ఏడు.

అవ్వ ఆయన్ని పనిలోకి తీసుకోవడం గురించి ఒక మాట చెప్పాలి. ఒక పాఠకుడు ఉత్తరం రాశారు, అవ్వ మరీ దేవతలాగా ఉంది, అట్లాంటివాళ్లు ఉండరని. ఆయన తొందరలో చదివినట్టున్నారు. అవ్వ ఆయన్ని పిలిచింది జాలితో కాదు, అడవిపందులతో వేగలేక. చెనిక్కాయకు ఊడలు దిగినాక పందులు పడితే ఒక్క రాత్రిలో ఎకరం తవ్విపోతాయి. కావలికి ఎవరూ దొరకలేదు. ఆ రాత్రి మంచె కింద ఇద్దరి మధ్యా నడిచే మాట ఇది:

"నువ్వేం చేసినావో ఊరంతా తెలుసు. నాకు దాంతో పని లేదు. రాత్రిపూట నిద్ర పోతావా, పోవా?"

"పోనవ్వా. నిద్ర పట్టదు."

"ఎన్నాళ్ల సంది?"

"పద్నాలుగేండ్ల సంది."

"సరే. సంగటి, ఊరిబిండి పెడతా. తెల్లారేదాకా డబ్బా కొట్టు."

స్నేహాలు ఎక్కువగా ఇట్లానే మొదలవుతాయని నా నమ్మకం. ఒకరి అవసరం ఇంకొకరి అవసరానికి తగులుతుంది. మంచితనం ఆ తర్వాత వస్తుంది, ఒక్కోసారి చాలా ఆలస్యంగా వస్తుంది.

ఇంకొక అవసరం కూడా ఉంది. కూతురు ప్రతి ఉగాదికి ఒక ఉత్తరం రాస్తుంది. అవ్వకు చదువు రాదు. ఊర్లో ఎవరితోనైనా చదివిస్తే పొద్దుగూకే లోపల ఊరంతా పాకుతుంది. అందుకని పదకొండు ఉత్తరాలూ చింపకుండా, విత్తనాల గరిసె పక్కన ట్రంకుపెట్టెలో దాచిపెట్టింది. ఈయనకు జైల్లో చదువు వచ్చింది. ఊర్లో ఆయనతో మాట్లాడే మనిషి లేడు కాబట్టి ఆయన నోట్లో నుంచి ఆ మాట బయటికి పోదు. ఊరు వెలేసిన మనిషే ఆమె రహస్యానికి తగిన మనిషి అయినాడు. రోజుకొక ఉత్తరం చదువుతాడు. మూడో ఉత్తరం దగ్గర ఆమె చాలు అంటుంది. నాలుగోది చదివించుకోడానికి నెల పడుతుంది. ఆ నెలను రాయడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఇద్దరూ ఆ ఉత్తరాల ఊసెత్తకుండా అన్నీ మాట్లాడుకుంటారు. ఎద్దు కాలి గురించి, చింతపండు ధర గురించి, జైల్లో వండే సాంబారు గురించి. నన్నడిగితే నవల్లో అసలైన స్నేహం ఆ మాటల్లోనే ఉంది.

ఇప్పుడు పద్నాలుగో అధ్యాయం గురించి చెప్తాను. ఇక్కడికి రావడానికి ముఖ్యంగా అదే కారణం.

ఆ అధ్యాయంలో రెండు మూటల విత్తనకాయలు కనపడవు. అవ్వ గరిసె గదికి వేసిన బీగం అట్లే ఉంటుంది. బీగం చెవి ఆయన దగ్గరే ఉంటుంది, అవ్వే ఇచ్చింది. ఆమె అరవదు, తిట్టదు. "రెండు మూటలు తక్కువున్నాయి" అని మాత్రం అంటుంది, ఆయన మొహంలోకి చూడకుండా. ఆయన బీగం చెవి గడప మీద పెట్టి, తన గుడ్డసంచి తీసుకుని, బస్టాపులో పోయి కూర్చుంటాడు. సాయంత్రానికి నిజం తెలుస్తుంది. ఆమె తమ్ముడి కొడుకు, మారు చెవి ఉన్నవాడు, రాత్రిపూట వేసుకుపోయినాడు. అవ్వ చీకట్లో ఒంటరిగా పోయి క్షమాపణ అడగొచ్చు. అడగదు. తెల్లారేదాకా ఆగుతుంది. తొమ్మిది గంటల బస్సుకు జనం చేరినాక, వాళ్లందరి ముందర, రచ్చకట్టదాకా వినపడేట్టు అంటుంది: "కాయలు ఎత్తుకపోయింది నా తమ్ముడి కొడుకు. నేను ఈయన మీద అనుమానపడినా. తప్పు నాది." ఆ తర్వాత బీగం చెవి ఆయన చేతిలో పెడుతుంది. తీసుకోడు. ఆమె అక్కడే నిలబడుకుంటుంది. బస్సు వస్తుంది, పోతుంది.

అవ్వ చేసిన ఆ పని నేను చేయలేకపోయాను.

ముప్పై రెండేండ్లు తెలుగు టీచరుగా చేసినాను. ఒక ఊరి హైస్కూల్లో ఉన్నప్పుడు పదో తరగతి పరీక్ష ఫీజులు నా దగ్గర జమ అయినాయి. ఒకరోజు ఆ కవరు కనపడలేదు. ముందురోజు సాయంత్రం స్టాఫ్ రూము ఊడ్చిన పిల్లోడు ఒకడున్నాడు. ఇంట్లో ఇబ్బంది అని అందరికీ తెలుసు. నేను వాణ్ని దొంగ అనలేదు. క్లాసులో నిలబెట్టి, "నీకేమన్నా తెలుసా" అని అడిగినాను. అంతే అడిగినాను. నలభై మంది పిల్లలకు అంతకన్నా వివరంగా చెప్పాల్సిన అవసరం లేదు. వాడు మరుసటి రోజు రాలేదు. ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. వారం తర్వాత బీరువాలో మ్యాపుల చుట్టల మధ్య కవరు దొరికింది. నేనే పెట్టి మరిచినాను. వాళ్లిల్లు బడికి అరమైలు దూరం. పోవాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటా ఉండగా బదిలీ వచ్చింది. బదిలీ వచ్చినప్పుడు నాకు ఊరట కలిగింది. ఆ ఊరటను తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇరవై రెండేండ్ల తర్వాత సబ్సిడీ చెనిక్కాయ విత్తనాల క్యూలో కలిసినాడు. ఆ క్యూలు ఎట్లుంటాయో మీకు తెలుసు. తెల్లవారుజామున మూడింటికే చెప్పులు, రాళ్లు, పాసుపుస్తకాలు వరుసగా పెట్టి స్థలం పట్టుకుంటారు. నాన్న పోయినాక మా మూడెకరాలు నేనే చూసుకుంటాండా. ఎండలో నిలబడలేక తూలితే, ముందర ఉన్న ఒకాయన నన్ను నీడలో కూర్చోబెట్టి, నా చెప్పులు తన చెప్పుల ముందుకు జరిపినాడు. "మేడం, నన్ను గుర్తు పట్టినారా?" అన్నాడు. పట్టినాను. చెప్పినాను. కవరు ఎక్కడ దొరికిందో, నేను ఎందుకు రాలేదో, అన్నీ. ఆయన చాలాసేపు నేల చూస్తా కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "మాయమ్మకు చెప్పింటే బాగుండు మేడం. ఆమె నమ్మింది." వాళ్లమ్మ అప్పటికి చనిపోయి ఆరేండ్లు.

పర్వాలేదు మేడం అని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేదు. నేను అడగనూ లేదు. విత్తనాలు తీసుకుని పోతా పోతా వెనక్కి తిరిగి, "మా పాప ఎనిమిది చదువుతాంది. తెలుగు సరిగా రాదు. ఆదివారాలు పంపిస్తా, చెప్తారా?" అన్నాడు.

ఆ మాట విన్న రాత్రే నవల మొదలైంది. రెండో అవకాశం అంటే క్షమించడం అని నేను ముందు అనుకునేదాన్ని. ఆయన నన్ను క్షమించినాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఏ పనిలో నేను ఆయనకు ద్రోహం చేసినానో, మళ్లీ అదే పనిని, తన బిడ్డను చూపించి నా చేతిలో పెట్టినాడు. అవ్వ బీగం చెవి ఇచ్చినట్టు.

కదిరి పక్కన కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. మీలో పోయినవాళ్లు ఉంటారు. ఆయన పద్యాల చివర వచ్చే మకుటం గురించి మన సీమలో ఒక కథ చెప్పుకుంటారు. అది చరిత్ర అని నేను చెప్పడం లేదు, జనం నోట నిలిచిన కథ. అభిరామయ్య అనే కంసాలి, వేమన స్నేహితుడు, ఒక యోగికి ఏండ్ల తరబడి సేవ చేసినాడు. యోగి మంత్రం ఉపదేశించే రోజున వేమన అతన్ని కదలనీయకుండా చేసి, అతని బదులు తాను పోయి ఉపదేశం పొందినాడు. తర్వాత తట్టుకోలేక స్నేహితుడి కాళ్ల మీద పడినాడు. నీ పేరు నా ప్రతి పద్యంలో నిలుపుతానని మాట ఇచ్చినాడు. విశ్వదాభిరామ అనే మాటలో ఉన్నది ఆ అభిరాముడే అంటారు. ముప్పై రెండేండ్లు పిల్లలకు ఆ పద్యాలు వల్లె వేయించినాను. పద్యం అప్పజెప్పేటప్పుడు మొదటి మూడు పాదాలకే మార్కులు అన్నట్టు, చివరి పాదాన్ని గబగబా అనేసేవాళ్లం. ఆ కథ ప్రకారం చూస్తే, వేమన మళ్లీ మళ్లీ చెప్పుకున్నది ఆ చివరి పాదమే. ప్రతి పద్యంలోనూ ఒప్పుకోలు. నవల రాస్తా ఉండగా నాకు ఇది తట్టింది. తట్టినరోజు పని ముందుకు సాగలేదు.

బయటివాళ్లు మన సీమ గురించి రాసేటప్పుడు పగలు, ప్రతీకారాలు అని రాస్తారు. అవి లేవని నేననను. నా నవల్లో ఆయన జైలుకు పోయింది అందుకే. కానీ ఇదే నేలకు ఇంకో గుణం ఉంది. మహారాష్ట్రలో పనిచేస్తున్న ఒక స్పెయిన్ దేశస్థుణ్ని 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. తిరిగొచ్చినాక 1969లో ఆయన అనంతపురం చేరుకున్నాడు. విన్సెంట్ ఫెర్రర్. నలభై ఏండ్లు ఇక్కడే ఉండి, 2009లో ఇక్కడే కన్నుమూసి, బత్తలపల్లిలో మట్టిలో కలిసినాడు. ఆయన పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ కట్టించిన ఇండ్లలో, బడుల్లో పెరిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. పొమ్మన్న మనిషిని ఉండమన్న ఊరు ఇది. దీన్ని కూడా రాయాలి కదా.

ఈ గుణం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, నేను వాన వైపు చూపిస్తాను. నైరుతి వానకు పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య వానకు సముద్రం దూరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. ఇక్కడ మొదటి విత్తు పండితీరుతుందని ఏ రైతూ అనుకోడు. జూలైలో పదును చూసి చెనిక్కాయ వేస్తాడు. మొలక వస్తుంది, పూత వస్తుంది, నలభై రోజులు చినుకు ఉండదు, మాడిపోతుంది. ఆగస్టు చివర్లో ఒక వాన పడుతుంది. ఆ రాత్రి ఎవరూ విధిని తిట్టుకుంటా కూర్చోరు. తెల్లారేసరికి గుంటక తోలి, ఎండిన మొక్కలు అట్లే మట్టిలో కలిపి, ఉలవలు విత్తుతారు. పోయిన పంట తిరిగి రాదు. ఉలవలు చెనిక్కాయ ధర పలకవు. అయినా నేల ఖాళీగా పెట్టరు. నవల్లో 2002 అట్లానే నడుస్తుంది. టీఎంవీ-2 రకం చెనిక్కాయ, అవ్వ నగలు కుదువపెట్టి కొన్నది, అంతా మాడిపోతుంది.

ఇంక ముగింపు గురించి. మొదట రాసినప్పుడు అవ్వను చంపేశాను. కూతురు వస్తుంది, తల్లీబిడ్డా చూసుకుంటారు, ఆ రాత్రి అవ్వ నిద్రలోనే పోతుంది. చాలా బరువుగా ఉందనుకున్నాను. ఆదివారం పాఠానికి వచ్చే పాపకు రాతప్రతి ఇచ్చినాను. అప్పటికి తను పదో తరగతి. నా మొదటి పాఠకురాలు తనే. రెండు వారాలు తీసుకుని చదివింది. తెచ్చి బల్ల మీద పెట్టి, "ఎందుకు చంపినారు మేడం?" అంది. కథకు నిండుదనం వస్తుందని ఏదో చెప్పబోయాను. "మా జేజి కూడా ఇట్లే పోయిందంట. నాన్న సంగతి తెలియకుండా. ఈ అవ్వకన్నా తెలిసింది కదా, కొన్నాళ్లు ఉండనీయండి" అంది.

నేను చివరి రెండు అధ్యాయాలు చింపేశాను. మళ్లీ రాయడానికి వేసవి సెలవులన్నీ పట్టింది. ఇప్పుడున్న ముగింపులో అవ్వ ఉంది. కూతురు వచ్చి నాలుగు రోజులే ఉంటుంది, పాత మాటలు ఇద్దరి మధ్యా ఇంకా గుచ్చుకుంటానే ఉంటాయి. ఆయన బస్టాపు నుంచి తిరిగొచ్చినాడు గానీ బీగం చెవి మాత్రం ఇంకా తీసుకోలేదు. అది గోడకు కొట్టిన మేకుకు వేలాడుతా ఉంటుంది. ఆ ముగ్గురూ కలిసి, వాన వెలిసిన పొద్దున, గొర్రు కట్టి ఉలవలు విత్తడం చివరి పుట.

ఆ పాప ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. మూడో వరుసలో కూర్చుంది. వాళ్ల నాన్నకు ఈ పొద్దు పొలంలో పని ఉందని రాలేదు. ఆయన నవల చదవలేదు. చదవమని నేనూ అడగలేదు. పాప చదివి కొంచెం కొంచెం చెప్తుందట, రాత్రి అన్నాలప్పుడు. పద్నాలుగో అధ్యాయం దాకా చెప్పిందట.

రా తల్లీ, మైకు దగ్గరికి రా. చివరి పుట నువ్వే చదువు.